అమ్మానాన్నలతో క్రూజ్ వెళ్దామంటే: గాల్వెస్టన్, ఫ్లోరిడా, అలాస్కాలో ఎవరికి ఏది తక్కువలో తేలుతుంది

ఊరి నుంచి అమ్మానాన్నలు వచ్చారు, పిల్లలకి సెలవులు, అందరం కలిసి ఎక్కడికైనా వెళ్దాం అనుకోగానే ఇప్పుడు ఎవరినోట విన్నా క్రూజే, అంటే ఓడలో విహారం. పెద్దవాళ్ళని రోజుకో హోటల్ మార్చి తిప్పక్కర్లేదు, రెండ్రోజులకోసారి సూట్‌కేసులు సర్దక్కర్లేదు, ఒకసారి ఎక్కితే గది, తిండి, కాలక్షేపం అన్నీ ఒకే చోట. ఇక్కడిదాకా బానే ఉంటుంది. తర్వాత సైట్ తెరిస్తే మనిషికి ఇంత అని ఓ చిన్న నంబర్ కనపడుతుంది, దాన్ని ఆరుతో గుణించి పర్లేదు చవకే అనుకుని బుక్ చేసేస్తారు, అన్నీ అయ్యాక కార్డు బిల్లు చూస్తే ఆ నంబర్‌కీ దీనికీ పొంతనే ఉండదు. క్రూజ్ అంటేనే అసలు కంటే కొసరు ఎక్కువ అయ్యే వ్యవహారం.

అందుకే ఏ ఓడ, ఏ కంపెనీ అన్నది నేను ఆఖర్న చూస్తాను. టెక్సాస్‌లో, అంటే డాలస్, హ్యూస్టన్, ఆస్టిన్ వైపు ఉన్న మనవాళ్ళని మనసులో పెట్టుకుని రాస్తున్నా. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు, ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్ళిద్దరు, మొత్తం ఆరుగురు. మిగతా రాష్ట్రాల వాళ్ళు గాల్వెస్టన్ (హ్యూస్టన్ దగ్గరి పోర్టు) అన్నచోట కార్లో వెళ్ళగలిగే మీ దగ్గర పోర్టు పేరు పెట్టుకుని చదవండి, లెక్క చాలావరకు అలాగే ఉంటుంది.

## ముందు చూసుకోవాల్సినవి

నా వరుస ఇది: ముందు పేపర్లు, తర్వాత పోర్టుకి వెళ్ళే ఖర్చు, తర్వాత తేదీలు, ఆ తర్వాతే టికెట్ రేటు. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు, డీల్ కనపడింది కదా అని ముందు డబ్బు కట్టేసి తర్వాత పాస్‌పోర్టులు తీసి చూస్తారు.

పేపర్ల సంగతి కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే మన ఇళ్ళల్లో ఆరుగురుంటే నాలుగు రకాల స్టేటస్‌లు ఉంటాయి. పిల్లలు ఇక్కడ పుట్టి సిటిజన్లు, మనం హెచ్1బీ (ఉద్యోగ వీసా), హెచ్4 (దాని మీద వచ్చిన భార్యదో భర్తదో), పెద్దవాళ్ళు బీ2 (విజిటర్ వీసా). ఓడ అమెరికాలో ఎక్కి అమెరికాలోనే దిగుతున్నాం కదా అనుకోవద్దు, మధ్యలో వేరే దేశంలో ఆగుతుంది, తిరిగొచ్చేటప్పుడు ఇమిగ్రేషన్ దాటాలి. పాస్‌పోర్టులు కూడా కనీసం ఆరు నెలలు మిగిలి ఉంటే గొడవుండదు.

హెచ్1బీ వాళ్ళకి అసలు ప్రశ్న స్టాంపింగ్, అంటే పాస్‌పోర్టులో గడువున్న వీసా, ఉందా లేదా అన్నది. వీసా స్టాంపు గడువు అయిపోయి ఐ-94 (ఇక్కడ ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే రికార్డు) మాత్రం చెల్లుబాటులో ఉంటే, 30 రోజుల లోపు మెక్సికోకో కెనడాకో మాత్రమే వెళ్ళి తిరిగి రావడానికి ఆటోమేటిక్ రీవాలిడేషన్ అనే వెసులుబాటు ఉంది. బహామాస్ లాంటి ద్వీపాలకి ఈ వెసులుబాటు ఎఫ్, జే (విద్యార్థి, ఎక్స్చేంజ్) వీసాల వాళ్ళకే, హెచ్ వాళ్ళకి లేదు. అంటే స్టాంపు లేని హెచ్1బీ ఇంజనీరు చవగ్గా వచ్చింది కదా అని ఫ్లోరిడా నుంచి బహామాస్ ఓడ ఎక్కడం కుదరదు, ఒకవేళ ఎక్కినా తిరిగొచ్చేటప్పుడు చిక్కు. మెక్సికోలో మాత్రమే ఆగే ఓడ అయితే దారి ఉంది, కానీ చెక్-ఇన్ కౌంటర్లో పేపర్లు చూసేది క్రూజ్ కంపెనీ వాళ్ళు, వాళ్ళు ఒప్పుకోకపోతే ఓడ ఎక్కనివ్వరు, డబ్బు కూడా వెనక్కి రాదు. కాబట్టి బుక్ చేయకముందే మీ పరిస్థితి రాసి ఇమెయిల్లో జవాబు తెప్పించుకోండి, ఆఫీస్ లాయర్‌ని కూడా ఒకమాట అడగండి. గ్రీన్‌కార్డ్ అప్లికేషన్ పెండింగ్‌లో ఉండి ఈఏడీ (పని అనుమతి కార్డు) మీద పని చేస్తున్నవాళ్ళయితే చేతిలో అడ్వాన్స్ పెరోల్ (దేశం బయటికెళ్ళి తిరిగొచ్చే ముందస్తు అనుమతి) లేకుండా ఓడ ఎక్కే ఆలోచనే వద్దు, అప్లికేషన్ వదిలేసినట్టు లెక్కేస్తారు.

పెద్దవాళ్ళ సంగతి తేలిక. చేతిలో చెల్లుబాటయ్యే అమెరికా వీసా ఉంటే ఇండియన్ పాస్‌పోర్టుకి మెక్సికో వీసా విడిగా అక్కర్లేదు. బహామాస్‌కి మాత్రం పాస్‌పోర్టు, వీసా రకం రాసి క్రూజ్ కంపెనీని అడిగి రాతలో తీసుకోండి. వెళ్ళొస్తే ఐ-94 మళ్ళీ ఆరు నెలలు పెరుగుతుందని కొంతమంది చెప్తారు, ఆ ఆశతో మాత్రం వెళ్ళకండి. ఇలాంటి చిన్న ట్రిప్పులకి పాత తేదీనే ఉంచడం మామూలు.

సిటిజన్ పిల్లలకి ఒక వెసులుబాటు ఉంది. ఒకే అమెరికా పోర్టులో ఎక్కి అక్కడే దిగే క్రూజ్ అయితే 16 ఏళ్ళ లోపు పిల్లలకి బర్త్ సర్టిఫికెట్ చాలు. పిల్లల పాస్‌పోర్టుకి 135 డాలర్లు కదా, ఇద్దరికి 270 మిగులుతాయి అంటారు కొందరు. నిజమే కానీ మధ్యలో ఎవరికైనా ఒంట్లో బాగోక ఓడ ఆగే కోజుమెల్ (మెక్సికో ద్వీపం) నుంచి విమానంలో రావాల్సొస్తే పాస్‌పోర్టే కావాలి, పైగా మనం ఎలాగూ ఇండియా వెళ్ళడానికి చేయిస్తాం, కాబట్టి నేనైతే దీన్ని ఆదా కింద వెయ్యను.

ఇక పోర్టుకి వెళ్ళే ఖర్చు. ఆరుగురికి విమానం టికెట్లు, బ్యాగులు, ముందురోజు హోటల్లో రెండు గదులు, ఎయిర్‌పోర్టు నుంచి పోర్టుకి పెద్ద వ్యాను. ఇవన్నీ కలిపితే చిన్న క్రూజ్‌కి క్యాబిన్ రేటుని దాటిపోవడం మామూలే. ఏడు సీట్ల బండిలో ఆరుగురూ సామాన్లతో పట్టేసి పోర్టు దాకా డ్రైవ్ చేసుకెళ్ళగలిగితే మీరు సగం గెలిచినట్టే.

## నాలుగు దారులు

### గాల్వెస్టన్ నుంచి 4 లేదా 5 రాత్రులు

హ్యూస్టన్ నుంచి 50 మైళ్ళు, డాలస్ నుంచి సుమారు 290 మైళ్ళు. డాలస్ వాళ్ళు ముందురోజు సాయంత్రం బయల్దేరి హ్యూస్టన్లో ఆగడం మంచిది, కేటీలోనో షుగర్‌ల్యాండ్‌లోనో చుట్టాలో స్నేహితులో లేని డాలస్ తెలుగువాళ్ళు అరుదు కాబట్టి హోటల్ ఖర్చు కూడా తప్పుతుంది. పోర్టు పార్కింగ్ రోజుకి ఇరవై డాలర్ల పైమాటే, బయట ప్రైవేటు లాట్‌లు షటిల్‌తో కలిపి కాస్త తక్కువకి ఇస్తాయి. రెండు కార్లలో వెళ్ళారో ఈ ఖర్చు రెండింతలు.

నాలుగు రాత్రులదైతే ఎక్కువగా కోజుమెల్ ఒక్కటే, ఐదు రాత్రులదైతే కోజుమెల్‌తో పాటు ప్రోగ్రెసో గానీ కోస్టా మాయా గానీ ఉంటుంది. అన్నీ మెక్సికోనే, అంటే పైన చెప్పిన పేపర్ల గొడవ అన్నిటికంటే తక్కువగా ఉండే దారి ఇదే. ప్రోగ్రెసోలో ఓడ ఆగే వంతెన ఆరున్నర కిలోమీటర్ల పొడవు, ఒడ్డుకి ఫ్రీ బస్సులుంటాయి, దిగిన చోటికి దగ్గర్లోనే బీచ్. పెద్దవాళ్ళు అక్కడ కాసేపు కూర్చుని కొబ్బరి నీళ్ళు తాగి వచ్చినా రోజు గడిచిపోతుంది. అక్కడి నుంచి చిచెన్ ఇట్జా వెళ్ళొచ్చు గానీ ఒక వైపే దాదాపు రెండు గంటల బస్సు, ఎండ, ఆరుగురికి టికెట్లు, మోకాళ్ళ నొప్పులున్న వాళ్ళతో అయితే నేను వద్దంటాను. మాయన్ కట్టడాలు చూడాలని ఉంటే దగ్గర్లోనే జిబిల్‌చల్టున్ ఉంది.

ఇందులో లోపం లేకపోలేదు. చిన్న ట్రిప్పులకి పెట్టే ఓడలు తరచుగా పాతవి, వాటర్ స్లైడులు, షోలు కొత్త ఓడల స్థాయిలో ఉండకపోవచ్చు. ఇంకోటి, చలికాలంలో గాల్వెస్టన్ దగ్గర పొగమంచు పడితే చానెల్ (ఓడలు పోర్టులోకి వచ్చే దారి) మూసేస్తారు, ఓడ లోపలికి రావడానికి గంటల ఆలస్యం, ఒక్కోసారి ఇంకా ఎక్కువే అవుతుంది. దిగిన రోజు మధ్యాహ్నమే ఇండియా ఫ్లైట్ పెట్టుకోవడం లాంటి పనులు చేయొద్దు.

### గాల్వెస్టన్ నుంచి 7 రాత్రులు

రాత్రికి ఇంత అని లెక్కేస్తే ఇది చాలాసార్లు చిన్నదాని కంటే మెరుగ్గా కనపడుతుంది. డ్రైవింగ్ ఖర్చు అదే, ఓడలు పెద్దవి, పిల్లలకి చేయడానికి ఎక్కువ ఉంటుంది. అయితే రాత్రి రేటు చూసి పడిపోకండి, మీ జేబులోంచి పోయేది మొత్తం. టిప్పులు ఏడు రోజులకి, వైఫై ఏడు రోజులకి, పార్కింగ్ కూడా ఏడు రోజులకి, దిగే ఊళ్ళు మూడు కాబట్టి ఒడ్డున పెట్టే ఖర్చు మూడుసార్లు.

పేపర్ల విషయంలో కూడా ఇది వేరు. వారం రోజుల రూట్లలో కోజుమెల్‌తో పాటు హోండురాస్‌లోని రోఆటన్, బెలీజ్, గ్రాండ్ కేమన్, జమైకా లాంటివి వస్తాయి. స్టాంపు లేని హెచ్1బీ వాళ్ళకి ఇవి పనికిరావు, మెక్సికో తప్ప వేరే దేశం ఒక్కటి తగిలినా ఆ వెసులుబాటు పోయినట్టే. బుక్ చేసేముందు రూట్ మొత్తం చదవండి, పైన బోల్డ్‌లో ఉన్న మొదటి ఊరి పేరు చూసి వదిలేయకండి.

### ఫ్లోరిడా నుంచి 3 లేదా 4 రాత్రుల బహామాస్

మయామి, పోర్ట్ కెనావెరల్ నుంచి లెక్కలేనన్ని ఓడలు బయల్దేరతాయి, పోటీ ఎక్కువ కాబట్టి స్క్రీన్ మీద అన్నిటికంటే చిన్న నంబర్ ఇక్కడే కనపడుతుంది. ఓడలు కూడా బాగుంటాయి. రాయల్ కరేబియన్ వాళ్ళ కోకోకే ద్వీపంలో బీచ్‌లు, చాలావరకు తిండి టికెట్‌లోనే, వాటర్ పార్క్ మాత్రం విడిగా కొనాలి, అదేమీ తక్కువ రేటు కాదు. కార్నివాల్ కంపెనీ 2025లో గ్రాండ్ బహామా ద్వీపంలో సెలబ్రేషన్ కీ అని సొంతంగా ఒకటి తెరిచింది, అక్కడా బీచ్ ఫ్రీయే. బహామాస్ రాజధాని నస్సావులో అయితే పోర్టు నుంచి జంకనూ బీచ్‌కి నడిచే వెళ్ళిపోవచ్చు, క్వీన్స్ స్టెయిర్‌కేస్ అని బానిసలతో రాతిలో తొలిపించిన పాత మెట్లదారి ఉంది, బీచ్‌కి టికెట్ లేదు. ఒడ్డున పైసా పెట్టకుండా గడపడానికి నస్సావు మంచి ఊరే.

కానీ టెక్సాస్ నుంచి ఆరుగురు ఎగిరి వెళ్ళి మూడు రాత్రుల ఓడ ఎక్కడం నాకెప్పుడూ లెక్కకి రాలేదు. ఓడ బయల్దేరే రోజు పొద్దున ఫ్లైట్ పెట్టుకుంటే ఆలస్యమైతే మొత్తం పోతుంది కాబట్టి ముందురోజే చేరాలి, హోటల్, తిండి, వ్యాను అన్నీ కలిపితే టికెట్లో మిగిలిందంతా అక్కడ పోతుంది. రెండు సందర్భాల్లోనే ఇది లాభం. ఎలాగూ ఓర్లాండోలో డిస్నీకి వెళ్తున్నారు, పోర్ట్ కెనావెరల్ అక్కడికి గంట దూరమే, విమానం ఖర్చు ఆ ట్రిప్పు ఖాతాలో పడిపోయింది, అప్పుడు ఓకే. లేదంటే మీరు అట్లాంటాలోనో టాంపాలోనో ఉన్నారు, కార్లో వెళ్ళిపోతారు. అట్లాంటా నుంచి ఏడెనిమిది గంటల డ్రైవ్ అయినా ఆరుగురి విమానం కంటే తక్కువే.

### సియాటిల్ నుంచి అలాస్కా 7 రాత్రులు

అందం విషయంలో మిగతా మూడూ దీని ముందు నిలవవు, ఖర్చు విషయంలో కూడా. ఓడలు ఏప్రిల్ ఆఖరు నుంచి అక్టోబర్ మొదటి దాకా నడుస్తాయి, అందులో మే, సెప్టెంబర్ నెలలు జూన్, జులై కంటే తక్కువ రేటు. జూనో, కెచికన్, స్కాగ్వే ఊళ్ళల్లో ఊరికే నడుచుకుంటూ తిరగొచ్చు గానీ అంత దూరం వెళ్ళి తిమింగలాలు చూడకుండా, రైలు ఎక్కకుండా వస్తారా, ఆరుగురికి అవి కొనేసరికి ఇంకో చిన్న క్రూజ్ డబ్బు. చలి బట్టలు వేరే.

అసలు చిక్కు విక్టోరియా. అమెరికాలో 1886 నాటి చట్టం ఒకటుంది, విదేశీ జెండాతో ఉన్న ఓడ అమెరికా పోర్టులో ఎక్కించుకుని మళ్ళీ అమెరికాలోనే దింపాలంటే మధ్యలో ఒక విదేశీ పోర్టులో ఆగాలి. పెద్ద క్రూజ్ ఓడలన్నీ దాదాపు బహామాస్, పనామా లాంటి దేశాల్లో రిజిస్టర్ అయినవే. అందుకని సియాటిల్ ఓడలు ఎక్కువగా ఆఖర్లో కెనడాలోని విక్టోరియాలో, చాలాసార్లు సాయంత్రం పూట కొన్ని గంటలు ఆగుతాయి. ఆ కొన్ని గంటల కోసం ఇండియన్ పాస్‌పోర్టు వాళ్ళకి కెనడా విజిటర్ వీసా కావాలి, నేను దిగను గదిలోనే పడుకుంటా అన్నా క్రూజ్ కంపెనీ ఒప్పుకోదు. వీసా 100, బయోమెట్రిక్స్ (వేలిముద్రలు, ఫోటో) 85, అంటే ఒక్కొక్కరికి 185 కెనడియన్ డాలర్లు, మీరు హెచ్1బీ అయితే నలుగురికి, కుటుంబంగా ఒకేసారి అప్లై చేస్తే బయోమెట్రిక్స్ కొంత తగ్గుతుంది. గ్రీన్‌కార్డ్ వాళ్ళకి 2022 నుంచి పాస్‌పోర్టు, కార్డు రెండూ ఉంటే చాలు. అంటే అలాస్కా ఖర్చు మీ ఇంట్లో ఎవరికి గ్రీన్‌కార్డ్ ఉంది అన్నదాని మీద కూడా ఆధారపడుతుంది.

రెడ్‌మండ్, బాతెల్ వైపు ఉన్న తెలుగువాళ్ళకి మాత్రం సియాటిల్ అంటే మనకి గాల్వెస్టన్ లాంటిదే, వాళ్ళు వీసా ఒక్కటి చూసుకుంటే చాలు.

## ఒకచోట పెట్టి చూస్తే

| చూడాల్సింది | గాల్వెస్టన్ 4–5 | గాల్వెస్టన్ 7 | ఫ్లోరిడా 3–4 | అలాస్కా 7 |
|---|---|---|---|---|
| టెక్సాస్ నుంచి చేరే ఖర్చు | పెట్రోలు, పార్కింగ్ | అదే, పార్కింగ్ ఎక్కువ రోజులు | ఆరుగురి విమానం, హోటల్ | ఆరుగురి విమానం, హోటల్ |
| బీ2 పెద్దవాళ్ళకి పేపర్లు | అమెరికా వీసా చాలు | ఆగే దేశాన్ని బట్టి | ముందే అడిగి రాయించుకోవాలి | కెనడా వీసా |
| స్టాంపు లేని హెచ్1బీ | మెక్సికో మాత్రమే అయితే దారుంది | ఎక్కువగా కుదరదు | కుదరదు | కెనడా వీసా ఉంటే దారుంది |
| ఒడ్డున ఖర్చు లేకుండా గడపడం | బానే కుదురుతుంది | ఊరిని బట్టి | బాగా కుదురుతుంది | కుదురుతుంది గానీ మనసొప్పదు |
| బాల్కనీ అవసరమా | లేదు | లేదు | లేదు | ఉంటే బాగు |
| తక్కువ రేటు నెలలు | సెప్టెంబర్, అక్టోబర్, డిసెంబర్ మొదట్లో | అవే | అవే | మే, సెప్టెంబర్ |

సెప్టెంబర్, అక్టోబర్ ఎందుకు చవకంటే అప్పుడు స్కూళ్ళుంటాయి, పైగా తుఫానుల సీజన్, జూన్ 1 నుంచి నవంబర్ 30 దాకా. తుఫానొస్తే ఓడ దారి మార్చుకుంటుంది, కోజుమెల్ బదులు ఇంకెక్కడికో తీసుకెళ్ళినా డబ్బు వెనక్కివ్వరు. పిల్లలు ఇంకా స్కూల్లో చేరని వాళ్ళకి మాత్రం ఇంతకంటే మంచి టైం లేదు. నెలల పిల్లలుంటే మాత్రం కనీసం ఆరు నెలలు నిండాలి, కడుపుతో ఉన్నవాళ్ళని 24వ వారం వచ్చాక ఎక్కనివ్వరు, ఇవి పెద్ద కంపెనీలన్నిట్లో దాదాపు ఒకేలా ఉంటాయి.

## క్యాబిన్లు ఎలా పంచుకోవాలి

క్యాబిన్ రేటు ఇద్దరు మనుషుల లెక్కన ఉంటుంది, ఒకే క్యాబిన్లో మూడో మనిషికి, నాలుగో మనిషికి తక్కువ. ఆరుగురికి రెండు క్యాబిన్లు తప్పవు. మనం, పిల్లలిద్దరు ఒకదాంట్లో, పెద్దవాళ్ళు ఒకదాంట్లో అని నలుగురు, ఇద్దరుగా తీసుకోవడమే అందరికీ ముందు తోచేది. ముగ్గురు, ముగ్గురుగా తీసుకున్నా తక్కువ రేటు పడేది ఇద్దరికే, అంటే డబ్బులో పెద్ద తేడా రాదు. కానీ నలుగురు పట్టే క్యాబిన్లు తొందరగా అయిపోతాయి, ఉన్నవాటికి రేటు పెరుగుతుంది, ఒకే చిన్న బాత్రూంలో నలుగురు పొద్దున్నే తయారవ్వాలి. పిల్లల్లో ఒకరు నాయనమ్మ, తాతయ్యలతో పడుకుంటే బానే ఉంటుంది, వాళ్ళకి కూడా అదే ఇష్టం. రెండు రకాలుగానూ రేటు తీసి చూడండి.

ఒక క్యాబిన్ బాల్కనీది, దానికి ఎదురుగా కారిడార్‌కి అటువైపు ఒకటి కిటికీ లేనిది తీసుకోవడం నాకు బాగా నచ్చిన పద్ధతి. పగలంతా అందరూ బాల్కనీలో కూర్చుంటారు, రాత్రి పడుకోవడానికి కిటికీ ఎందుకు. అలాస్కా కాకపోతే అసలు రెండూ లోపలివే తీసుకున్నా ఏమీ కాదు, సముద్రం చూడాలంటే పై డెక్ ఉంది. ఏ క్యాబినో కంపెనీయే తర్వాత ఇచ్చే గ్యారంటీ క్యాబిన్లు ఇంకా చవక, ఇద్దరే వెళ్తే ఇవి మంచివి, పెద్దవాళ్ళు ఓడ ఆ చివర, మనం ఈ చివర పడే ప్రమాదం ఉంది కాబట్టి ఇలాంటి ట్రిప్పుకి వద్దు.

పిల్లలకి ఫ్రీ అని ఆఫర్లొస్తాయి. ఫ్రీ అంటే టికెట్ మాత్రమే, పన్నులు, పోర్టు చార్జీలు, టిప్పులు కట్టాల్సిందే, అదీ క్యాబిన్లో మూడో నాలుగో మనిషి అయితేనే. చాలాసార్లు ఆ తేదీలకి పెద్దవాళ్ళ రేటు కాస్త పెరిగి ఉంటుంది. ఆఫర్ పేరు చూడకండి, చెల్లించే పేజీ దాకా వెళ్ళి మొత్తం చూడండి.

## ఓడ ఎక్కాక కొసరు ఖర్చులు

టిప్పులు మనిషికి రోజుకి సుమారు 16 నుంచి 20 డాలర్ల మధ్య, పిల్లలక్కూడా. 18 వేసుకుంటే ఆరుగురికి ఐదు రాత్రులకి 540, ఏడు రాత్రులకి 756. ఇది తీయించేయొచ్చు అని చెప్పేవాళ్ళుంటారు, గది తుడిచేవాళ్ళు, వడ్డించేవాళ్ళల్లో మనదేశం వాళ్ళే ఎంతమందో, ఆ డబ్బు మిగుల్చుకోవాలని నాకైతే అనిపించదు. మొదటే బడ్జెట్‌లో వేసేసుకోండి.

డ్రింక్ ప్యాకేజీ దగ్గర ఒక కిటుకు ఉంది. కార్నివాల్, రాయల్ కరేబియన్ రెండిట్లోనూ ఒక క్యాబిన్లో ఒకరు మందు ప్యాకేజీ కొంటే అందులో 21 దాటిన అందరూ కొనాలి. నాన్నగారికి అలవాటుంది, మీకూ ఉంది, ఆడవాళ్ళకి లేదు అనుకోండి, మగవాళ్ళిద్దరి పేర్లు ఒకే క్యాబిన్లో రాయిస్తే రెండు ప్యాకేజీలతో పోతుంది, ఓడ ఎక్కాక ఎవరు ఎక్కడ పడుకున్నారో ఎవరూ చూడరు. అసలు రోజుకి ఐదారు డ్రింకులు తాగేవాళ్ళకి తప్ప ఈ ప్యాకేజీ గిట్టుబాటు కాదు. నీళ్ళు, నిమ్మరసం, మామూలు టీ, కాఫీ, పాలు ఫ్రీ. అమ్మకి పొద్దున్నే కాఫీ పడాలంటే ఇన్‌స్టంట్ పొడి సాచెట్లు జేబులో వేసుకెళ్తే బఫేలో వేడినీళ్ళు, పాలు దొరుకుతాయి.

తిండి గురించి భయపడి స్పెషల్ రెస్టారెంట్లు ముందే కొనేసేవాళ్ళు చాలామంది. అక్కర్లేదు. ఈ రెండు కంపెనీల మెయిన్ డైనింగ్‌లోనూ ఇండియన్ వెజిటేరియన్ భోజనం అడిగితే పెడతారు, అది టికెట్‌లోనే. బుకింగ్‌లో వెజిటేరియన్, గుడ్డు కూడా వద్దు అని రాయించండి, మొదటి రాత్రి హెడ్ వెయిటర్‌తో మాట్లాడి పెట్టుకుంటే మర్నాటి నుంచి పప్పు, రొట్టె, కూర ఏదోటి చేయించి పెడతారు. మన రుచి రాదు, ఉత్తరాది వంటే వస్తుంది, అందుకే సీల్ తీయని పచ్చడి సీసా, పొడుల ప్యాకెట్లు తీసుకెళ్ళండి. ఇంట్లో వండినవి ఒప్పుకోరు. రైస్ కుక్కర్, కెటిల్, ఇస్త్రీ పెట్టె సామాన్లలో దొరికితే తీసుకుని దిగేరోజు ఇస్తారు. ఓడలోంచి పళ్ళు, తిండి ఒడ్డుకి పట్టుకెళ్ళొద్దు, మెక్సికోలో కస్టమ్స్ వాళ్ళు ఆపుతారు.

వైఫై ఆరుగురికీ అక్కర్లేదు. ఒక డివైస్ ప్లాన్ తీసుకుని ఒకళ్ళు లాగౌట్ అయితే ఇంకొకళ్ళు వాడుకోవచ్చు. మిగతావాళ్ళ ఫోన్లు ఎక్కగానే ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టించండి, ముఖ్యంగా నాన్నగారి ఇండియా సిమ్‌ది, ఓడలో సముద్రపు నెట్‌వర్క్ పట్టుకుంటే రోమింగ్ బిల్లు మామూలుగా రాదు. పిల్లల క్లబ్బులు ఫ్రీ, కార్నివాల్‌లో రెండేళ్ళ నుంచి, రాయల్‌లో మూడేళ్ళు నిండి డయపర్ మానేసిన పిల్లల్ని తీసుకుంటారు, రాత్రి పది దాకా. ఇంతకుమించిన ఆదా ఇంకోటి లేదు అంటుంది మా ఆవిడ.

ఒడ్డున తిరగడానికి ఓడవాళ్ళ టూర్లు ఖరీదు, బయటివి తక్కువ. ఓడవాళ్ళ టూర్ ఆలస్యమైతే ఓడ ఆగుతుంది, బయట టాక్సీలో వెళ్ళి ఆలస్యమైతే ఆగదు. దగ్గర బీచ్ అయితే సొంతంగా వెళ్ళండి, రెండు గంటల దూరం ప్రయాణమైతే ఓడవాళ్ళదే తీసుకోండి.

తగ్గించకూడని ఖర్చు ఒకటుంది, పెద్దవాళ్ళ ఇన్సూరెన్స్. వాళ్ళకి తీసుకున్న విజిటర్ పాలసీ అమెరికా దాటాక, ఓడ మీద పనిచేస్తుందో లేదో చదవండి, చాలావాటికి పరిమితులున్నాయి. ఓడలో డాక్టర్ దగ్గరికి వెళ్తే బిల్లు నేరుగా గది ఖాతాలో పడుతుంది, తర్వాత మనమే క్లెయిమ్ చేసుకోవాలి. బీపీ, షుగర్ ఉన్నవాళ్ళకి పాత జబ్బులు కవర్ అయ్యే ట్రిప్ పాలసీ విడిగా తీసుకోండి.

## మరి ఎవరు ఏది

స్టాంపింగ్ లేని హెచ్1బీ కుటుంబం అయితే గాల్వెస్టన్ నుంచి మెక్సికో మాత్రమే ఉన్న 4–5 రాత్రులది, అదీ రాతలో జవాబు వచ్చాకే. లేదా స్టాంపింగ్ అయ్యేదాకా ఆగడం.

పెద్దవాళ్ళు మొదటిసారి వచ్చారు, సముద్రం పడుతుందో లేదో తెలీదు అంటే కూడా అదే చిన్నది. వాంతులు, తలతిరుగుడు మొదలైతే ఏడు రోజులు భరించడం కష్టం. నాలుగు రాత్రులవి చాలావరకు గురువారం బయల్దేరి సోమవారం వస్తాయి, సోమవారం సెలవు పడ్డ వారం చూసుకుంటే స్కూలు రెండు రోజులే పోతుంది, కాకపోతే అందరూ అదే చూస్తారు కాబట్టి రేటు కాస్త ఎక్కువ.

అందరికీ గ్రీన్‌కార్డో సిటిజన్‌షిప్పో వచ్చేసింది, పిల్లలు పదేళ్ళు దాటారు, పెద్దవాళ్ళకి ఇది రెండోసారో మూడోసారో అంటే గాల్వెస్టన్ ఏడు రాత్రులది తీసుకోండి. పెద్ద ఓడకి పెట్టే డబ్బు ఆ వయసు పిల్లలతోనే ఫలితం ఇస్తుంది, నాలుగేళ్ళ పిల్లాడికి ఏ ఓడైనా స్విమ్మింగ్ పూల్, ఐస్‌క్రీం మెషీను అంతే.

అలాస్కా మనసులో ఉంటే దాన్ని చవగ్గా చేయాలని చూడకండి. రెండేళ్ళు ఆగి, అందరి పేపర్లు కుదిరాక, మే నెలలో, ఒక బాల్కనీతో వెళ్ళండి. సగం సగం చేసుకుని వెళ్తే చలికి గదిలో కూర్చుని వచ్చినట్టుంటుంది.

నాలుగైదు స్నేహితుల కుటుంబాలు కలిసి వెళ్తుంటే విడివిడిగా బుక్ చేయకండి. సాధారణంగా ఎనిమిది క్యాబిన్ల నుంచి గ్రూప్ కింద తీసుకుంటారు, పైన ఏదో ఒకటి కలుస్తుంది, అదేంటో అడగండి. కాస్ట్‌కో ట్రావెల్‌లో బుక్ చేస్తే వాళ్ళ షాప్ కార్డ్ వస్తుంది, క్రూజ్ రేటు మాత్రం కంపెనీ సైట్‌లో ఉన్నదే చాలాసార్లు ఉంటుంది.

బుక్ చేయడానికి జనవరి నుంచి మార్చి మధ్య ఆఫర్లు ఎక్కువ. డిపాజిట్ వెనక్కి వచ్చే రకం తీసుకోండి, పెద్దవాళ్ళ వీసానో టికెట్టో ఎప్పుడు ఏమవుతుందో తెలీదు. మొత్తం డబ్బు కట్టే గడువు కంపెనీని బట్టి చాలావాటిలో 75 నుంచి 90 రోజుల ముందు ఉంటుంది, ఆలోపు రేటు తగ్గితే ఫోన్ చేసి తగ్గిన రేటుకి మార్చమంటే మార్చేస్తారు, అందుకని వారానికోసారి చూస్తూ ఉండండి. గడువు దాటాక తగ్గితే ఓడలో ఖర్చు పెట్టుకునే క్రెడిట్ అయినా ఇమ్మని అడగండి, కొందరు ఇస్తారు. ఇవ్వకపోతే ఆ సైట్ ఇంక తెరవకండి, రక్తపోటు మిగులుతుంది.